తెల్ల ఉడుత కనిపిస్తే ముందు దాని కన్ను చూడండి

సంపాదకులకు నమస్కారం.

పెరట్లోనో తోటలోనో తెల్ల ఉడుతో, నల్ల ఉడుతో, ఎప్పుడూ చూడనంత పెద్ద ఉడుతో కనిపిస్తే ఫొటో తీసి పత్రికకు పంపడం, అది 'వింత ఉడుత' పేరుతో అచ్చు కావడం ఈమధ్య మామూలైంది. జనం చుట్టూ ఉన్న ప్రాణుల్ని ఇంత శ్రద్ధగా చూస్తున్నందుకు సంతోషంగా ఉంది. అయితే అలాంటి వార్తల్లో చాలావాటిని చదివాక ఆ ఉడుతలో వింత ఏమిటో తేల్చుకోవడానికి పనికొచ్చే వివరం ఒక్కటీ దొరకదు. కళ్ళు ఏ రంగులో ఉన్నాయి? వీపు మీద చారలు ఉన్నాయా, ఉంటే ఎన్ని? ఒంటి పొడవుతో పోలిస్తే తోక ఎంత? ఫొటో ఎండలో తీశారా, నీడలోనా? ఈ నాలుగూ తెలిస్తే చాలావరకు విషయం తేలిపోతుంది. తెలియకపోతే ఎంత మంచి ఫొటో అయినా ఊహకే వదిలేయాలి. అందుకే ఈ ఉత్తరం.

ముందు తెల్ల ఉడుతల సంగతి. తెల్లగా ఉన్న ప్రతి ఉడుతా ఆల్బినో కాదు. వెంట్రుకలకు, చర్మానికి, కంటికి రంగునిచ్చేది మెలనిన్. దాని తయారీకి టైరోసినేజ్ అనే ఎంజైమ్ కావాలి. ఆ ఎంజైమ్ పనిచేయకపోతే ఒంట్లో ఎక్కడా మెలనిన్ ఉండదు. వెంట్రుకలు తెల్లబడతాయి, ముక్కు, పాదాలు, చెవుల లోపలి చర్మం గులాబీ రంగులో ఉంటాయి, కంటి వెనక రక్తనాళాల ఎరుపు బయటికి కనిపిస్తుంది. ఇది ఆల్బినిజం. రెండో రకంలో మెలనిన్ తయారు చేసే కణాలు చర్మంలోకి సరిగా చేరవు. వెంట్రుకలు తెల్లగా ఉంటాయి గానీ కళ్ళు మామూలు ఉడుత కళ్ళలాగే నల్లగా మెరుస్తాయి. దీన్ని ల్యూసిజం అంటారు. ఒళ్ళంతా కాకుండా అక్కడక్కడ తెల్ల మచ్చలుగా ఉండేవీ ఎక్కువగా ఈ కోవలోకే వస్తాయి. మూడోది, మెలనిన్ ఉంటుంది కానీ పలచబడి ఉంటుంది. అప్పుడు ఉడుత లేత గోధుమ రంగులో ఉండి, వీపు చారలు నీడలా కనిపిస్తాయి. వార్తల్లో ఈ మూడింటినీ కలిపి 'ఆల్బినో' అనేస్తున్నారు.

అమెరికాలో తెల్ల ఉడుతలకు పేరున్న ఊళ్ళలో రెంటిని చూడండి. ఇలినాయి రాష్ట్రంలోని ఓల్నీలో ఉన్నవి ఆల్బినోలు. నార్త్ కరొలైనాలోని బ్రెవర్డ్‌లో ఉన్నవాటికి కళ్ళు నల్లగా ఉంటాయి, అవి ఆల్బినోలు కావు. బ్రెవర్డ్ పట్టణం 1986లోనే తన పరిధి మొత్తాన్నీ ఉడుతలకు రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. దూరం నుంచి చూస్తే రెండు ఊళ్ళ ఉడుతలూ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది కంటి దగ్గరే.

ఇక్కడ ఒక పొరపాటుకు చాలా అవకాశం ఉంది. ఫ్లాష్ వేసి తీస్తే మామూలు ఉడుత కన్ను కూడా ఎర్రగా పడుతుంది. ఫ్లాష్ ఫొటోలో ఎర్రకన్ను చూసి ఆల్బినో అని చెప్పకూడదు. అలాగే దట్టమైన నీడలో, పదిహేను ఇరవై అడుగుల దూరంలో, ఆల్బినో కన్ను ముదురు ఎరుపులో దాదాపు నల్లగానే అనిపిస్తుంది. అందుకని కన్నొక్కటే చూసి ఆగకుండా ముక్కు కొన, కాలివేళ్ళ చర్మం కూడా చూడాలి. కన్ను, ముక్కు, వేళ్ళు మూడూ గులాబీ ఎరుపులో ఉంటే అప్పుడు ధైర్యంగా ఆల్బినో అనవచ్చు.

తెల్ల ఉడుత పక్కన మామూలు చారల ఉడుతలు తిరుగుతుంటే 'ఇది వేరే జాతి, ఎక్కడి నుంచో వచ్చింది' అనుకునేవాళ్ళున్నారు. ఎలుకతో కలిసి పుట్టిందనే మాట కూడా వింటుంటాం. రెండూ తప్పే. ఉడుతకూ ఎలుకకూ సంకరం జరగదు. ఆల్బినిజం లక్షణం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు జన్యు ప్రతులూ వచ్చినప్పుడే బయటపడుతుంది. ఒక్క ప్రతి ఉన్న తల్లిదండ్రులు చూడ్డానికి పూర్తిగా మామూలుగా ఉంటారు. అలాంటి జంటకు పుట్టే ఒక్కో పిల్ల తెల్లగా ఉండే అవకాశం నాలుగింట ఒకటి. కాబట్టి ఒక తెల్ల పిల్ల కనిపించిన తోటలోనే తర్వాతి ఈతలో ఇంకోటి కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. కాకపోతే రెండు తెల్ల ఉడుతలున్నాయని రాయాలంటే రెంటినీ ఒకేసారి చూసి ఉండాలి. పొద్దున ఒకచోట, సాయంత్రం ఇంకోచోట కనిపించింది ఒకటే అయి ఉండొచ్చు. చెవి అంచున చీలిక, తోక మీద వంపు, మీసాల దగ్గర మచ్చ లాంటి గుర్తులు రాసిపెట్టుకుంటే ఈ గందరగోళం ఉండదు.

అసలు తెలుపే కాని తెలుపులు కూడా చాలా ఉన్నాయి. కొత్తగా సున్నం వేసిన గోడ సందులో దూరి వచ్చిన ఉడుత, బూడిద కుప్పలో పొర్లిన ఉడుత ఒకటి రెండు రోజులు వింతగానే కనిపిస్తాయి. పూల కాలంలో జరిగేది మరీ తమాషాగా ఉంటుంది. చారల ఉడుతలు తేనె కోసం పెద్ద పూలలోకి మూతి దూర్చి తాగుతాయి. బయటికి తీసేసరికి ముక్కు మీద, నుదుటి మీద పుప్పొడి దట్టంగా అంటుకుని, పసుపు రంగు తల ఉన్న కొత్త రకం ఉడుతలా ఉంటుంది. కాసేపు ఓపిక పట్టి చూస్తే అది కొమ్మ మీద కూర్చుని ముందు కాళ్ళతో మూతిని రుద్దుకుని మొత్తం తుడిచేసుకుంటుంది. రంగు ఒళ్ళంతా సమానంగా కాకుండా మూతికో పొట్టకో మాత్రమే ఉంటే అది అంటుకున్న రంగేమోనని ముందుగా అనుమానించాలి.

ఇక కెమెరా చేసే మోసం. చీకటిగా ఉన్న ఆకుల మధ్య ఉడుత ఒక్కటే ఎండలో ఉంటే, ఫోన్ కెమెరా చుట్టూ ఉన్న చీకటిని లెక్కలోకి తీసుకుని మొత్తం బొమ్మను వెలిగిస్తుంది. దాంతో లేత గోధుమ రంగు ఉడుత ఫొటోలో తెల్లగా పడుతుంది. దీనికి విరుగుడు సులువు. తెర మీద ఉడుత ఉన్నచోట వేలితో తాకి, పక్కన వచ్చే వెలుతురు గుర్తును కిందికి లాగి, వెంట్రుకల గీతలు విడివిడిగా కనిపించేదాకా తగ్గించి తీయాలి. ఆకాశానికి అడ్డంగా ఉన్న ఉడుతకు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా జరుగుతుంది. మామూలు ఉడుతే బొగ్గులా పడుతుంది.

నల్ల ఉడుతల వార్తల్లో కొన్ని ఇలా పుట్టినవే. ఇంకొన్ని వానలో తడిసినవి. తడిసిన వెంట్రుకలు రెండు మూడు ఛాయలు ముదురుగా కనిపిస్తాయి. తారు, ఇంజన్ ఆయిల్ అంటినవి మరికొన్ని. ఇవేవీ కాకుండా నిజంగా నల్లగా ఉంటే దాన్ని మెలనిజం అంటారు. ఉత్తర అమెరికా బూడిద ఉడుతల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఎంసీ1ఆర్ అనే జన్యువులో 24 డీఎన్ఏ అక్షరాల ముక్క ఊడిపోవడమే దానికి కారణమని తేలింది. ఒక ప్రతిలో ఊడితే గోధుమ నలుపు, రెండింటిలోనూ ఊడితే కారునలుపు వస్తుంది. మన చారల ఉడుతల్లో నలుపు తెలుపు కన్నా కూడా చాలా అరుదు. అందుకే ఎవరైనా నల్ల ఉడుత అన్నప్పుడు ఒళ్ళు ఆరాక, వెలుతురు చూసేవారి వీపు వైపు నుంచి పడుతున్నప్పుడు ఇంకోసారి చూడాలి. ఆ వెలుతురులో కూడా చారలు కనిపించకపోతే అది నిజంగా పెద్ద సంగతే.

చారల లెక్క తేలికనుకుంటారు గానీ, తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. దక్షిణాదిలో ఎక్కడ చూసినా కనిపించేది మూడు చారల ఉడుత. ఉత్తరాది మైదానాల్లో ఎక్కువగా ఉండేది అయిదు చారలది. మూడు చారల ఉడుతకు వీపు మధ్యలో ఒకటి, దానికి అటూ ఇటూ ఒక్కోటి చొప్పున తెల్లటి చారలుంటాయి. అయిదు చారలదానికి ఇవి కాక ఇంకా కిందికి, పక్కల మీద ఒక్కో సన్నటి చార అదనంగా ఉంటుంది. పైనుంచి, మేడ మీద నుంచి చూస్తే రెండూ మూడు చారలవే. ఉడుత ముడుచుకుని కూర్చుంటే పక్క చార పొట్ట వెంట్రుకల్లో కలిసిపోతుంది. పక్క నుంచి చూస్తే మరో చిక్కు వస్తుంది. మూడు చారలదాని వీపు గోధుమ రంగు, పొట్ట తెలుపు కలిసే అంచు కూడా చారలాగే అనిపించి అయిదు లెక్కపెట్టేస్తారు. నిజమైన పక్క చార అయితే దాని పైనా కిందా కూడా ముదురు వెంట్రుకలుండాలి. కింద నేరుగా పొట్ట తెలుపే మొదలైతే అది చార కాదు, అంచు. ఉడుత ఒళ్ళు చాచి బోదె మీద తలకిందులుగా దిగుతున్నప్పుడు, కాస్త ఏటవాలుగా పక్క నుంచి చూడటమే దీనికి సరైన అదను.

ఒక్కోసారి వింత రంగులో కాక పరిమాణంలో ఉంటుంది. చారల ఉడుత ఒళ్ళు తోక కాకుండా సుమారు 15 సెంటీమీటర్లు, బరువు 100 నుంచి 120 గ్రాములు. తొమ్మిది అంగుళాల ఇటుక కన్నా చిన్నది. ఇటుక కన్నా ఒళ్ళే పొడవుగా, తోక అంతకన్నా పొడవుగా కొమ్మ నుంచి వేలాడుతుంటే అది బెట్టుడుత కావచ్చు. నల్లమల, శేషాచలం అడవుల్లో ఉండే ఈ ఉడుత బరువు కిలోన్నర నుంచి రెండు కిలోల దాకా ఉంటుంది. వీపు ముదురు ఎరుపు, నలుపు కలిసి, పొట్ట లేత మీగడ రంగులో ఉంటుంది. చెట్టు చెట్టుకూ ఆరు మీటర్ల దాకా దూకగలదు. నేల మీదికి దిగడం చాలా తక్కువ. అడవి అంచున, కొమ్మలు కలిసే పెద్ద చెట్లున్న తోటల్లో తప్ప ఊరి మధ్యకు రాదు. ఊరి మధ్యలో కనిపిస్తే ఎవరైనా పట్టి తెచ్చి వదిలేశారేమోనన్న అనుమానం రావాలి, అటవీ శాఖకు చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీన్ని పట్టడం, పెంచుకోవడం నేరం. 2019లో ఊదా, నీలం రంగుల బెట్టుడుత ఫొటోలు ప్రపంచమంతా చక్కర్లు కొట్టాయి. జంతువు నిజమైనదే గానీ రంగు పెంచి చూపించినవి అవి. ఆ ఫొటోతో పోల్చుకుని 'మా తోటలోది వేరే జాతి' అనుకోవద్దు.

చీకటి పడ్డాక చెట్టు మీద నుంచి ఇంకో చెట్టు మీదికి గాల్లో తేలుతూ వెళ్ళేది ఎగిరే ఉడుత. ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య చర్మపు పొరను చాచి పైనుంచి కిందికి జారుతుంది తప్ప గబ్బిలంలా రెక్కలాడించి ఎగరదు. పగలు కనిపించే ఉడుత ఎంత దూరం దూకినా ఎగిరే ఉడుత కాదు.

చాలామందికి తెలియని జీవి ఇంకోటి ఉంది. మద్రాస్ ట్రీ ష్రూ. తూర్పు కనుమల్లో, కొండ వాలుల్లో ఉంటుంది. ఎత్తు, తోక, నడక చూసి అందరూ దీన్ని చారల్లేని ఉడుత అనుకుంటారు. దీన్ని శాస్త్రీయంగా వర్ణించినప్పుడు మద్రాసులో అధికారిగా ఉన్న వాల్టర్ ఇలియట్ పేరు పెట్టారు. అసలు ఇది ఉడుతల కుటుంబానికి చెందినదే కాదు. మూతి సాగినట్టు కోసుగా ఉంటుంది, ఉడుతకుండే పొడవాటి మీసాలు ఉండవు, భుజం మీద ఒక్క లేత చార ఏటవాలుగా ఉంటుంది. గింజ పట్టుకుని కొరుకుతూ కూర్చోదు. ఎక్కువగా నేల మీద ఎండుటాకులు కదుపుతూ పురుగుల కోసం వెతుకుతుంది. కొండల పక్కన తోటలున్నవాళ్ళు వీపు మీద చారలు లేని 'ఉడుత'ను చూస్తే మూతీ భుజమూ తప్పకుండా చూడాలి. ఆ ఫొటో తెల్ల ఉడుత ఫొటో కన్నా విలువైనది కావచ్చు.

ఊడిన వెంట్రుకలను వింతగా రాయడం మాత్రం నాకు బాధ కలిగిస్తుంది. చెవుల వెనక, ముఖం మీద, భుజాల మీద వెంట్రుకలు ఊడి, చర్మం మందంగా పొలుసులు కట్టి, ఉడుత ఆగి ఆగి గోక్కుంటుంటే అది కొత్త రకం కాదు, గజ్జి. చర్మంలో దూరే సూక్ష్మమైన పురుగుల వల్ల వస్తుంది. ముట్టుకుంటే మనిషికీ దురద పట్టవచ్చు. అలాంటిది కనిపిస్తే తోటలో గింజలు పెట్టడం వెంటనే ఆపాలి. ఒకే పళ్ళెం చుట్టూ ఉడుతలు మూగడం వల్ల అది తొందరగా పాకుతుంది. తోక తెగిన ఉడుత కూడా వేరే జాతి కాదు. పిల్లి పట్టినప్పుడు తోక చర్మం జారి ఊడిపోతుంది, మిగిలిన ఎముక ఎండి రాలిపోతుంది. మళ్ళీ మొలవదు. తోక లేకపోతే దూకేటప్పుడు తూకం చెడుతుంది కానీ చాలా ఉడుతలు అలాగే బతుకుతాయి.

చూసే పద్ధతి గురించి. పొద్దు పొడిచాక రెండు గంటలు, పొద్దు వాలే ముందు రెండు గంటలు ఉడుతలు బాగా తిరుగుతాయి, వెలుతురూ మెత్తగా ఉంటుంది. మనిషిని చూడగానే ఉడుత బోదెకు అవతలి వైపుకి జరుగుతుంది. మనం చుట్టూ తిరిగితే అదీ తిరుగుతుంది, బోదె ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. వెంట తిరగడం దండగ. ఇద్దరుంటే ఒకరు కదలకుండా నిలబడి, రెండోవారు నెమ్మదిగా అవతలి వైపుకి నడిస్తే ఉడుత కదలని మనిషి వైపుకి వస్తుంది. ఒక్కరే ఉంటే చెట్టుకు ఇరవై పాతిక అడుగుల దూరంలో గోడకు ఆనుకుని ఓ పావుగంట ఆగాలి. ఫోన్‌లో జూమ్ చివరిదాకా లాగితే చారలు, వెంట్రుకలు మెత్తటి ముద్దలా అయిపోతాయి. రెండింతల జూమ్ దగ్గర ఆపి తీసి, తర్వాత కత్తిరించుకోవడం మేలు. కదిలే ఉడుతకు ఒక్క ఫొటో కన్నా ఎక్కువ నాణ్యతలో వీడియో తీసి, అందులోంచి స్పష్టమైన చిత్రాన్ని ఎంచుకోవడం నయం. కెమెరా ఉన్నవాళ్ళు షట్టర్ వేగం సెకనులో 500వ వంతుకు తగ్గకుండా పెట్టుకోవాలి. కిటికీ లోంచి తీస్తే లెన్స్‌ను అద్దానికి ఆనించాలి, లేకపోతే గదిలోని వెలుగు ఉడుత మీద తెల్ల మచ్చలా పడుతుంది. కనీసం ముఖం ఒకటి, పక్క నుంచి ఒళ్ళంతా ఒకటి, తోక చాచినప్పుడు ఒకటి కావాలి. ఉడుత వెళ్ళిపోయాక అది కూర్చున్న చోటే ఇటుకో, అడుగు స్కేలో పెట్టి, కాలు కదపకుండా అదే దూరం నుంచి ఇంకో ఫొటో తీస్తే పరిమాణం కచ్చితంగా తేలుతుంది. ఈ పని చేసేవాళ్ళు తక్కువ. కానీ 'పిల్లి అంత ఉడుత' లాంటి వాదాలను ఒక్క దెబ్బతో తేల్చేది ఇదే.

దగ్గరికి రప్పించాలని గింజలు చల్లడం చాలామంది చేస్తారు. రోజూ వేరుశనగలు, పొద్దుతిరుగుడు గింజలు, మొక్కజొన్న తిని కడుపు నింపుకున్న ఉడుతకు కాల్షియం తక్కువై, ఫాస్ఫరస్ ఎక్కువై ఎముకలు గుల్లబారతాయి. ఎదిగే పిల్లల కాళ్ళు వంకర పోతాయి. నీళ్ళు పెట్టండి, అది చాలు. రెండు మూడు సెంటీమీటర్ల లోతు మించని వెడల్పు మట్టి పాత్ర, మధ్యలో ఒక రాయి, రోజూ నీళ్ళు మార్చడం. పిల్లి దాక్కునే పొదకు కనీసం ఆరడుగుల దూరంలో పెట్టాలి. మూత లేని నీళ్ళ డ్రమ్ములు, తొట్టెలు ఉన్నచోట ఒక గరుకు కర్ర ఏటవాలుగా దించి ఉంచండి. నున్నటి గోడ ఎక్కలేక ఉడుతలు వాటిలో మునిగి చచ్చిపోతుంటాయి.

గూడు నుంచి పడ్డ పసి ఉడుతల్ని కూడా 'తెల్ల ఉడుత పిల్లలు' అనుకుని ఇంటికి తీసుకెళ్తున్నారు. వెంట్రుకలు రాని పిల్లలన్నీ గులాబీ రంగులోనే ఉంటాయి. ఆ వయసులో వాటి రంగు గురించి ఏమీ చెప్పలేం. ముందు వాటిని వెచ్చబరచాలి. చల్లబడ్డ పిల్ల నోట్లో పాలు గానీ నీళ్ళు గానీ పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చస్తుంది. మెత్తటి గుడ్డ పరిచిన చిన్న పెట్టెలో పెట్టి, చీమలు పట్టకుండా చూసి, పడిన చెట్టు మీదే మనిషి ఎత్తున కట్టి దూరంగా వెళ్ళిపోతే, పగటిపూట తల్లి చాలాసార్లు తిరిగి వచ్చి ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని తీసుకుపోతుంది. మనుషులు చుట్టూ మూగి ఉంటే రాదు. చీకటి పడేదాకా తల్లి రాకపోయినా, ఒంటి మీద గాయం ఉన్నా అటవీ శాఖకో పశువైద్యుడికో అప్పగించాలి.

చూసింది నమోదు చేయాలనుకునేవారికి ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ లాంటి వేదికలున్నాయి. అక్కడ ఫొటో, తేదీ, సమయం, చోటు పెడితే తెలిసినవాళ్ళు జాతిని సరిచూస్తారు. ఐనాచురలిస్ట్‌లో చోటును కచ్చితంగా చూపకుండా మసకబరిచే వీలు ఉంది. తెల్ల ఉడుత విషయంలో ఆ వీలు తప్పనిసరిగా వాడుకోవాలి. ఆకుల మధ్య తెల్లటి ఒళ్ళు డేగకూ పిల్లికీ దూరం నుంచే తెలిసిపోతుంది, ఆల్బినో అయితే చూపు కూడా బలహీనం. దానికి తోడు పట్టి అమ్ముకుందామనుకునే మనిషి కూడా వస్తే అది నిలవదు.

కనుక మీ పత్రికకు నా విన్నపం ఇది. వింత ఉడుత ఫొటో అచ్చు వేసేటప్పుడు కంటి రంగు, చారల సంఖ్య, ఒంటి పొడవు అంచనా, తీసిన సమయం ఒక్క వాక్యంలో ఇవ్వండి. పంపినవారిని అడిగి ఫ్లాష్ వాడారో లేదో కనుక్కోండి. సవరించని అసలు ఫొటో తెప్పించుకుని చూడండి. జిల్లా పేరు వేయండి, వీధి పేరు, తోట పేరు, ఇంటి యజమాని పేరు వేయకండి.

ఇట్లు,
ఉడుతలను గమనించే ఒక పాఠకుడు